పల్లపు నేలలో కొన్న బండితో కొండ ఎక్కాలంటే

ధవళేశ్వరం ఆనకట్ట దిగి కిందికి వస్తే అంతర్వేది దాకా నేల చాపలా పరచుకొని ఉంటుంది. ఈ చదును వరికి మంచిది, కొబ్బరికి మంచిది. పాత మోటారుసైకిలు కొనేవారికి మాత్రం మంచిది కాదు. పదేళ్లు డెల్టాలో తిరిగిన బండి తన జన్మలో ఎక్కిన ఎత్తు ఏదైనా ఉంటే అది రావులపాలెం వంతెనో చించినాడ వారధో అయి ఉంటుంది. క్లచ్ సగం అరిగినా కాలువ గట్టు మీద తేడా తెలియదు. బ్రేకు సగమే పట్టినా పుంతదారిలో సరిపోతుంది. అమ్మే మనిషి అబద్ధమాడుతున్నాడని కాదు, ఆయనకూ తెలియదు.

నాకు తెలిసింది మారేడుమిల్లి దాటాక. పాలకొల్లు దగ్గర ఒక పల్లెలో ముచ్చటపడి కొన్న 150 సీసీ బండి, వెనుక మా బావమరిది, రెండు సంచులు. చింతూరు వైపు ఘాట్‌లో మూడు మలుపులు తిరిగేసరికి ఇంజిను అరుస్తోంది, బండి కదలడం లేదు, ఏదో కాలిన వాసన. క్లచ్ ప్లేట్లు అట్టముక్కల్లా అయిపోయాయి. ఒక లారీ డ్రైవరు జాలిపడి బండిని ఎక్కించుకున్నాడు. రాజమహేంద్రవరం వచ్చేదాకా మా బావమరిదికి పాత బండ్ల గురించి పాఠం చెబుతూనే ఉన్నాడు. ఆ పాఠంలో కొంత, ఆ తర్వాత నేను కొని, అమ్మి, తెలిసినవారికి కొనిపెట్టి నేర్చుకున్నది కొంత కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ముందు దారి, తర్వాత బండి

దూరప్రయాణం అని అందరూ ఒకే మాట అంటారు. కానీ రాజమహేంద్రవరం నుంచి హైదరాబాదు వెళ్లడం వేరు, చింతూరు మీదుగా భద్రాచలం వెళ్లి రావడం వేరు, భార్యాభర్తలిద్దరూ సామాను కట్టుకొని హంపీ వెళ్లడం ఇంకా వేరు. బండి వెతకడానికి ముందు కాగితం మీద మూడే సంగతులు రాసుకోండి. ఒక్కరే వెళ్తారా, వెనుక ఎవరైనా ఉంటారా? రోజుకు ఎన్ని కిలోమీటర్లు? దారిలో ఎక్కువ భాగం జాతీయ రహదారా, ఘాట్ రోడ్డా, మన్యంలో మట్టిదారా?

ఒంటరిగా, రోజుకు రెండు వందల యాభై కిలోమీటర్ల లోపు, ఎక్కడ చెట్టు కనబడితే అక్కడ ఆగుతూ వెళ్లేవారికి 125 సీసీ బండి చాలు. స్ప్లెండర్ మీద హిమాలయాలకు వెళ్లి వచ్చినవారు ఉన్నారు. కాకపోతే 16వ నంబరు జాతీయ రహదారి మీద గంటకు 55 వేగంతో వెళ్తుంటే వెనుక నుంచి లారీలు వీపు మీదికి వస్తున్నట్టుంటుంది. తోసుకుపోయే గాలికి చిన్న బండి ఊగుతుంది. ఆ రహదారి మీదే గంటల తరబడి వెళ్లాలన్నా, వెనుక మనిషి ఉన్నా 150 సీసీకి తగ్గకండి. 75 వేగంలో ఇంజిను ఆయాసపడకుండా, ఎదుటి లారీని దాటడానికి ఇంకొంచెం మిగిలి ఉండాలి. ఆ మిగులు కోసమే పెద్ద ఇంజిను, వేగం కోసం కాదు.

చాలామంది చేసే పొరపాటు ఏమిటంటే ఏడాదికి ఒకసారి వెళ్లే ప్రయాణం కోసం బరువైన బండి కొని, మిగతా రోజులంతా దాన్ని అమలాపురం సంతలో తోసుకుంటూ తిరగడం. క్లాసిక్ 350 బరువు 190 కిలోలు దాటుతుంది. యూనికార్న్ 150 కిలోలు కూడా ఉండదు. ఇసుకలో పడితే ఒక్కరే లేపగలరా అని మీ నడుమునే అడగండి.

మొత్తం సొమ్మును బండి మీదే పెట్టకండి

మీ దగ్గర 60 వేలు ఉంటే 60 వేల బండి చూడకండి, 42 వేల బండి చూడండి. మిగిలిన పద్దెనిమిది వేలకు ముందే పని రాసిపెట్టి ఉంటుంది: రెండు టైర్లు, చైన్ సెట్, బ్యాటరీ, క్లచ్ ప్లేట్లు, బ్రేకు ప్యాడ్లు, కేబుళ్లు, బీమా, పేరు మార్పిడి. ఇవన్నీ ఒకేసారి అవసరం కాకపోవచ్చు. కానీ సగం అవుతాయి, ఆ సగం ఏదో ముందు తెలియదు. "అన్నీ కొత్తవే వేయించానండి" అని అమ్మేవారు అంటే సంతోషం, బిల్లులు చూపించమనండి.

ఏ బండి అన్న ప్రశ్న

దీని మీద స్నేహితులు విడిపోతారు కాబట్టి నా కొలమానం ఒకటే చెబుతాను. రాత్రి ఎనిమిది గంటలకు చింతూరులోనో, శ్రీశైలం దారిలో దోర్నాలలోనో బండి ఆగిపోతే అక్కడి మెకానిక్ దాన్ని ఇంతకు ముందు విప్పి ఉండాలి. క్లచ్ కేబులు పక్క షాపులో దొరకాలి. ఈ ఒక్క కొలతతో సగం బండ్లు జాబితా నుంచి జారిపోతాయి. చూడడానికి ముచ్చటగా ఉండి చవకగా వచ్చే కొన్ని బండ్లు అందుకే చవక. హీరో ఇంపల్స్ అలాంటిదే. 2011లో వచ్చింది, మట్టిదారికి చక్కటి బండి, కానీ తయారీ ఎప్పుడో ఆగిపోయింది. దాని ప్లాస్టిక్ విడిభాగం ఒకటి విరిగితే ఊరూరా ఫోన్లు చేయాలి.

ఈ కొలతకు నిలిచేవాటిలో ఒంటరి ప్రయాణానికి హోండా యూనికార్న్ నాకు ఇష్టం. 2004 నుంచి ఉన్న బండి, సీటు మెత్తన, ఇంజిను గుట్టుగా పని చేసుకుపోతుంది. చూపులకు మాస్టారి బండిలా ఉంటుందని కుర్రవాళ్లు కొనరు, అది మనకే లాభం. పల్సర్ 150కి సామాను దొరకని ఊరు లేదు, అయితే దాన్ని ఎవరు ఎలా తిప్పారన్నది చూసుకోవాలి. ఇద్దరు వెళ్లడానికి, తక్కువ సొమ్ములో, రహదారి మీద 80 వేగం నిలకడగా కావాలంటే అవెంజర్ 220. కాళ్లు ముందుకు చాచి కూర్చోవడం వీపుకు మొదట సుఖంగా ఉంటుంది, మూడు గంటల తర్వాత నడుముకు తెలుస్తుంది. గతుకులున్న చోట అది పనికిరాదు. పల్సర్ 220 ఇంకా చురుకు, కానీ హ్యాండిల్ కొంచెం వంగి పట్టుకోవాలి.

మన్యం దారులే మీ లక్ష్యమైతే హీరో ఎక్స్‌పల్స్ 200 మంచిది. 2019లో వచ్చింది, తేలిక, నేలకు చాలా ఎత్తులో ఉంటుంది. పొట్టివారు మాత్రం ముందు ఎక్కి కూర్చొని కాళ్లు నేలకు ఆనుతాయో లేదో చూసుకోండి, సీటు ఎత్తు 82 సెంటీమీటర్ల పైనే. హిమాలయన్ 411 దానికన్నా స్థిరమైన బండి, బరువూ ఎక్కువే. 2016లో వచ్చిన మొదటివి కార్బొరేటర్‌వి (పెట్రోలును గాలితో కలిపే పాతకాలపు భాగం), 2017 నుంచి ఇంజెక్షన్ (ఆ పని సెన్సార్ల లెక్కతో జరుగుతుంది). రెండోదే చూడండి. క్లాసిక్ 350 గురించి నేనేమన్నా ఎవరో ఒకరు నొచ్చుకుంటారు. 2021కి ముందు బండ్లలో 80 దాటితే చేతులు తిమ్మిరెక్కుతాయి, అంత లోపు నడిపేవారికి అంత హాయి మరొకటి లేదు.

తయారీ సంవత్సరం కూడా ఒక కొలతే. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన బండ్లకు ఏబీఎస్, అంటే గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగిసి జారకుండా చూసే ఏర్పాటు, తప్పనిసరి అయింది. వానలో ఘాట్ దిగేటప్పుడు అది ప్రాణం విలువ చేస్తుంది. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 కాలుష్య నియమాలు వచ్చి దాదాపు అన్నీ ఇంజెక్షన్ బండ్లు అయిపోయాయి. వాటికి సెన్సారు పోతే చెట్టు కింద బాగుచేయలేరు. నా మటుకు 2019 ఏప్రిల్‌కూ 2020 మార్చికీ మధ్య తయారైన బండి దొరికితే వదలను. ఏబీఎస్ ఉంటుంది, చాలావాటికి కార్బొరేటరూ ఉంటుంది.

బండి ఎలా బతికింది?

అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే, అందుకే తీరుబడిగా చెబుతాను. మీటరులో కిలోమీటర్లు తర్వాత చూడండి. ముందు ఈ బండి ఎవరి ఇంట్లో, ఏ పనికి, ఎక్కడ నిలబడి బతికిందో తెలుసుకోండి. డెల్టాలో బండ్లకు కొన్ని జాతకాలున్నాయి.

కోనసీమలో తరచుగా తగిలేది గల్ఫ్ బండి. కుర్రవాడు ముచ్చటగా కొని ఏడాది తిప్పి కువైట్ వెళ్లిపోయాడు. బండి మీద దుప్పటి కప్పి వసారాలో పెట్టారు. ఏడేళ్ల వయసు, మీటరులో తొమ్మిది వేలు. కొనేవారికి నోరూరుతుంది. కానీ తిరగని బండి తిరిగిన బండికన్నా నమ్మకమైనదేమీ కాదు. కార్బొరేటర్‌లో పెట్రోలు జిగురుగా గడ్డకడుతుంది, రబ్బరు సీళ్లు ఎండిపోతాయి, టైర్లు పగుళ్లిస్తాయి, బ్యాటరీ చచ్చిపోతుంది. పెట్రోలులో ఇప్పుడు ఇథనాల్ ఎక్కువగా కలుపుతున్నారు. అది గాలిలో తేమను పీల్చుకుంటుంది. మన గాలిలో తేమకు కొదవ లేదు కదా, ట్యాంకు అడుగున నీరు చేరి తుప్పు పడుతుంది. మూత తీసి ఫోను టార్చితో లోపలికి చూడండి. (అగ్గిపుల్ల వెలిగించి చూడబోయిన మహానుభావుణ్ణి నేను చూశాను, అందుకే చెబుతున్నాను.) నారింజ రంగు పొడి కనబడితే ట్యాంకు కడిగించే ఖర్చు ధరలోంచి తీసేయండి. ఇవన్నీ బాగయ్యే రోగాలే. ధర తగ్గితే గల్ఫ్ బండి మంచి బేరం.

చెరువు బండి అలా కాదు. భీమవరం, ఉండి, ఆకివీడు వైపు చేపల, రొయ్యల చెరువుల గట్ల మీద మేత బస్తాలు మోసిన బండి. వెనుక రెండు మూడు బస్తాలు, కింద ఉప్పునీటి బురద. సీటు తీయించి వెనుక చట్రం చూడండి. వెల్డింగ్ అతుకుల దగ్గర పగులు, తుప్పు పొరలు, కొత్తగా వేసిన నల్లరంగు ఉంటే అక్కడే ఆగండి. బండి అంతా పాత రంగులో ఉండి చట్రానికి ఒక్కదానికే కొత్త రంగు ఎందుకు వేసినట్టు? పాల క్యాన్లు, కొబ్బరికాయల బస్తాలు మోసిన బండ్లదీ ఇదే కథ. ఇంజిను పరవాలేదనిపించినా వెనుక షాక్‌అబ్జార్బర్లు, చక్రం బేరింగులు, స్వింగ్ ఆర్మ్ (వెనుక చక్రాన్ని పట్టుకునే చేయి) బుష్షులు అయిపోయి ఉంటాయి. బండిని మెయిన్ స్టాండు మీద ఎక్కించి వెనుక చక్రాన్ని రెండు చేతులతో పట్టుకొని కుడి ఎడమలకు కదపండి. టకటకమంటే సంగతి అర్థమైనట్టే.

సముద్రం పక్క ఊళ్లలో, అంతర్వేది, ఓడలరేవు, పేరుపాలెం వైపు నిలబడిన బండికి ఉప్పుగాలి కనబడకుండా తినేస్తుంది. పైన పటారం, లోన లొటారం. సైలెన్సర్ అడుగు, మెయిన్ స్టాండు ఇరుసు, బ్యాటరీ పెట్టె అడుగు స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి. పొట్టు రాలితే పరవాలేదు. లోపలికి దిగితే వద్దు.

ఇక ముంపు బండి. ఇది వద్దే వద్దు. 2022 జులై వరదలో కోనసీమ లంక గ్రామాలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో వీధులకు వీధులు మునిగాయి, వేల బండ్లు నీట నానాయి. అలాంటి బండి రెండు చేతులు మారి, కడిగి మెరుగు పెట్టుకొని, మీ ఊరి బ్రోకరు షెడ్డుకు రావడం పెద్ద విషయం కాదు. హెడ్‌లైటు అద్దం లోపల నీటి గీత, మీటరు లోపల మంచు పట్టినట్టు మసక, సీటు అడుగున బోల్టులకు ఎర్రతుప్పు, ఎయిర్ ఫిల్టరు పెట్టె మూలల్లో మెత్తటి ఒండ్రు, ఇవి దాని గుర్తులు. అసలైన సాక్ష్యం వైర్ల జాయింట్లలో ఉంటుంది. ట్యాంకు కింద ఉన్న ఒక ప్లగ్గు ఊడదీయించి చూడండి. రాగి మీద పచ్చటి చిలుము పట్టి ఉంటే ఆ బండి నీళ్లలో పడుకుంది. ఈ రోజు నడుస్తుంది, రేపూ నడుస్తుంది, అర్ధరాత్రి ఘాట్‌లో లైటు ఆరిపోతుంది.

కాలేజీ బండిని సైలెన్సరే పట్టిస్తుంది. మార్చిన సైలెన్సర్, పొట్టి హ్యాండిల్, కోసిన మడ్‌గార్డు కనబడితే ముందు ఫోర్కులు (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు గొట్టాలు) చూడండి. ముందు చక్రం గాలిలోకి లేపి కిందికి కొట్టిన బండికి ఫోర్కు సీళ్లు కారుతుంటాయి.

మాస్టారి బండి, గుమాస్తా బండి, తంతితపాలా ఉద్యోగి బండి దొరికితే రంగు గురించి పేచీ పెట్టకండి. సర్వీసు పుస్తకం ప్లాస్టిక్ కవరులో పెట్టి, తాళం చెవులు రెండూ దారంతో కట్టి ఇస్తే అంతకు మించిన హామీ ఏ బ్రోకరూ ఇవ్వలేడు. ఆయన రెండు వేలు ఎక్కువ చెప్పినా ఇచ్చేయండి.

పొద్దున్నే వెళ్లండి, చెప్పకుండా కాదు

"నేను వచ్చేదాకా బండి స్టార్ట్ చేయకండి బాబాయ్" అని ముందు రోజు ఫోను చేసి చెప్పండి. వెళ్లగానే ఇంజిను మీద అరచేయి పెట్టండి. వెచ్చగా ఉంటే ఎవరో ముందే దానితో కుస్తీ పట్టారన్నమాట. చల్లటి ఇంజిను నిజం చెబుతుంది. ఆయిలు చూడండి. నల్లగా ఉంటే పరవాలేదు, పాలు కలిపిన కాఫీలా ఉంటే నీరు చేరింది. సెల్ఫ్ కొట్టండి, కిక్కు ఉంటే అదీ కొట్టండి. మొదట తెల్లటి ఆవిరి వచ్చి పోతే సహజం. నీలం పొగ ఆగకుండా వస్తే ఇంజిను ఆయిలు తాగుతోంది, అంటే బోరు పని (అరిగిన సిలిండరు బాగుచేయడం). నల్లపొగ అయితే కార్బొరేటర్ సర్దుబాటు, చిన్న ఖర్చు.

చల్లటి ఇంజిను కుడి ఎడమల చెవి పెట్టి వినండి. తలభాగంలో సన్నటి టిక్‌టిక్ ట్యాపెట్లది, సర్దితే పోతుంది. పక్కనుంచి గొలుసు గిన్నెలో తిప్పినట్టు చప్పుడు వస్తే టైమింగ్ చైన్. అడుగునుంచి బరువైన దడదడ వస్తే టీ తాగి వచ్చేయండి.

మీటరు అంకెను నమ్మకండి, దాన్ని తిప్పడం తేలిక. ఫుట్‌రెస్టు రబ్బరు, గేరు లివరు, బ్రేకు పెడల్ అంచు, తాళం చెవి పళ్లు అబద్ధం చెప్పలేవు. పన్నెండు వేలు తిరిగిన బండికి గేరు లివరు రబ్బరు బోడిగా అరగదు. చైనును వెనుక పళ్లచక్రం దగ్గర పట్టుకొని వెనక్కి లాగండి. పన్ను సగం కనబడేంత ఎడం వస్తే, పళ్లు కొక్కేల్లా వంగి ఉంటే సెట్ మార్చాలి. టైరు పక్కన నాలుగు అంకెల ముద్ర ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం. గాళ్లు బాగా మిగిలి ఉన్నా ఆరేళ్లు దాటిన టైరుతో దూరప్రయాణం వద్దు.

ముందు చక్రం నేలకు ఆనకుండా లేపించి హ్యాండిల్‌ను మెల్లగా ఇటూ అటూ తిప్పండి. మధ్యలో గుంటలో పడ్డట్టు ఆగితే కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగు) పోయింది. చట్రం వంకర తేల్చడానికి ఒక పల్లెటూరి ఉపాయం ఉంది. రెండు చక్రాలకూ నీళ్లు పోసి పొడి సిమెంటు నేల మీద తిన్నగా తోయించండి. రెండు తడి చారలు ఒకదాని మీద ఒకటి పడాలి. పక్కపక్కన పడితే ఆ బండి ఎప్పుడో బలంగా గుద్దుకుంది.

వారధి పరీక్ష

కొండ లేని చోట కొండను ఎక్కడ తేవాలి? గోదావరి పాయలు మనకు వారధులిచ్చాయి. మీ ఊరికి దగ్గరలో ఏది ఉంటే అది: రావులపాలెం, చించినాడ, ఎదుర్లంక, రాజమహేంద్రవరం. వెంట బరువైన స్నేహితుణ్ణి తీసుకెళ్లండి, ఆయన ఉపయోగం ఇక్కడే. ట్రాఫిక్ లేని వేళ, వారధి ఎక్కే దగ్గర పై గేరులో 40 వేగంతో వెళ్తూ ఒక్కసారిగా యాక్సిలరేటర్ తిప్పండి. శబ్దం పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోంది. నన్ను మారేడుమిల్లిలో ముంచింది సరిగ్గా ఇదే, చించినాడ వారధి మీద అర నిమిషంలో తెలిసేది.

దిగేటప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా మూసి, గేరులోనే ఉంచి, కింద మళ్లీ తెరవండి. వెనుక మరో బండి మీద ఉన్న మనిషిని పొగ చూడమనండి. ఆ క్షణంలో నీలం పొగ బుస్సుమంటే వాల్వు సీళ్లు పోయాయి. రెండో గేరులో గట్టిగా లాగినప్పుడు గేరు దానంతట అది జారిపోతే గేరుబాక్సు విప్పాలి. ఆ ఖర్చు పెట్టుకోకండి, వేరే బండి చూసుకోండి. ఆ తర్వాత రహదారి మీద 75 వేగంలో పది నిమిషాలు. హ్యాండిల్ వణికితే టైరో, చక్రమో, కోన్ సెట్టో. ఆగగానే ఇంజిను అతుకుల దగ్గర తడి ఉందేమో చూడండి.

తీరిక ఉంటే, అమ్మేవారు ఒప్పుకుంటే ఇంకా మంచి పరీక్ష అన్నవరం. రత్నగిరి మీదికి బండ్లు వెళ్లే ఘాట్ రోడ్డు ఉంది. యజమానినే వెనుక కూర్చోబెట్టుకొని వెళ్లండి. బండి కుదరకపోయినా ఇద్దరికీ సత్యదేవుని ప్రసాదం దక్కుతుంది.

కాగితాలు

ఆర్‌సీలోని ఛాసిస్ నంబరు, ఇంజిను నంబరు బండి మీద వేలితో తడిమి సరిచూడండి. ఎం-పరివాహన్ యాప్‌లో నంబరు కొడితే నమోదు తేదీ, బీమా గడువు, అప్పు ఉందా లేదా అన్నది తెలుస్తుంది. ఈ-చలాన్లు ఎన్ని బాకీ ఉన్నాయో కూడా చూసి, అవి ఎవరు కట్టాలో అప్పుడే తేల్చుకోండి. ఫైనాన్స్ మీద కొన్న బండి అయితే అప్పు తీరినట్టు సంస్థ ఇచ్చిన పత్రం, ఫారం 35 కావాలి. "తీర్చేశాంలెండి" అన్న మాట రవాణా కార్యాలయంలో చెల్లదు.

పేరు మార్పిడికి ఫారం 29, ఫారం 30. మన దగ్గర ఒక చెడ్డ అలవాటు ఉంది. అమ్మినవారు ఖాళీ ఫారాల మీద సంతకం చేసి ఇస్తారు, కొన్నవారు పెట్టెలో దాస్తారు, బండి నాలుగు చేతులు మారుతుంది, ఆర్‌సీలో మాత్రం మొదటి మనిషే ఉంటాడు. అలాంటి బండిని, ఎంత బాగున్నా, మొదటి మనిషి ముందుకు వచ్చేదాకా కొనకండి. ఆయన కాలం చేసి ఉంటే వారసుల పేరుకు మారాకే మీ దగ్గరికి రావాలి. అమ్మేవారికీ ఇందులో ప్రమాదం ఉంది. ఆర్‌సీలో ఎవరి పేరు ఉంటే ప్రమాదం జరిగినప్పుడు పరిహారం బాధ్యత వారిదేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. ఈ మాట మర్యాదగా చెప్పండి, బద్ధకించే యజమాని కూడా మరుసటి రోజే కార్యాలయానికి వస్తాడు. చట్టం ప్రకారం అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో తెలియజేయాలి. బీమా మార్పిడికీ గడువు 14 రోజులే.

నమోదై 15 ఏళ్లు దాటితే మళ్లీ నమోదు చేయించాలి, అది ఐదేళ్లకే వస్తుంది. పద్నాలుగో ఏట అమ్మకానికి వచ్చే బండ్లు అందుకే ఎక్కువ.

యానాం సంగతి విడిగా చెప్పాలి. పీవై 04 బండి చవకగా కనబడుతుంది, ఎదుర్లంక వారధి దాటితే మన ఊరే కదా అనిపిస్తుంది. కానీ అది పుదుచ్చేరి నమోదు. మన రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచుకోవాలంటే అక్కడి నుంచి నిరభ్యంతర పత్రం తెచ్చి, ఇక్కడ పన్ను కట్టి, మళ్లీ నమోదు చేయించాలి. హైదరాబాదు నుంచి వచ్చిన బండికీ అంతే. ఆ లెక్క వేసుకుంటే చవక ఎంత మిగులుతుందో చూసుకోండి. మరో చిన్న సంగతి: ఏపీ 05, ఏపీ 37 అంటే పాత ఉభయ గోదావరి జిల్లాలని నంబరే చెప్పేది. 2019లో ఏపీ 39తో రాష్ట్రమంతా ఒకే వరుస మొదలవడంతో ఆ తర్వాతి బండి ఎక్కడ తిరిగిందో నంబరు చెప్పదు, ఆర్‌సీలో చిరునామా చదవాలి.

బేరం

చిన్న మాటే. లోపాలన్నీ కాగితం మీద రాసి, ఒక్కోదాని పక్కన మీ మెకానిక్ చెప్పిన ఖర్చు వేసి, ఆ కాగితాన్ని అమ్మేవారి ముందు పెట్టండి. "ఆయ్, బండి కొత్తదేనండి" అని నవ్వుతూ మొదలైన బేరం ఆ కాగితం చూశాక నెమ్మదిస్తుంది. బండిని తిట్టకండి. మన వైపు మనిషి ధర తగ్గిస్తాడు గానీ, తన బండిని చులకన చేస్తే గుమ్మం దాకా సాగనంపుతాడు. బయానా రెండు మూడు వేలకు మించి ఇవ్వకండి, మిగతాది ఫారాలు దాఖలు చేసిన రోజున.

కొన్నాక నేరుగా హంపీ వెళ్లకండి

ముందు ఇంజిను ఆయిలు, ప్లగ్గు, ఎయిర్ ఫిల్టరు, బ్రేకు ప్యాడ్లు మార్పించండి. క్లచ్ కేబులు కొత్తది వేయించి, ఇంకొక కొత్త కేబులును దాని పక్కనే, రెండు చివరలా టేపు చుట్టి, సిద్ధంగా వేయించి ఉంచండి. దారిలో తెగితే చివరలు తగిలించుకొని పది నిమిషాల్లో బయలుదేరవచ్చు. ట్యూబు, ఫ్యూజులు, ప్లగ్గు, చక్రం విప్పే స్పానర్లు సీటు కింద పెట్టుకోండి. ఆ స్పానర్లతో ఒకసారి ఇంటి అరుగు ముందే చక్రం విప్పి బిగించండి. వానలో మొదటిసారి నేర్చుకునే విద్య కాదది.

తర్వాత ఇంటికి దగ్గరలోనే ఒక చుట్టు. రావులపాలెం, అమలాపురం, రాజోలు, సఖినేటిపల్లి, అక్కడ పంటు (బండ్లనూ మనుషులనూ గోదావరి దాటించే పడవ) ఎక్కి నరసాపురం, పాలకొల్లు మీదుగా వెనక్కి. రేవు దగ్గర ఇసుక, పంటు ఎక్కే వాలు, 216వ నంబరు రహదారి, ఊళ్ల మధ్య గతుకులు, అన్నీ ఒక్కరోజులో తగులుతాయి. బండి ఆగినా కబురు చేస్తే ఎవరో ఒకరు వస్తారు. గోదావరి పొంగినప్పుడు పంటు ఆపేస్తారు, ఆ రోజుల్లో చించినాడ మీదుగా తిరగండి. సామాను ఎంత తీసుకెళ్దామనుకుంటున్నారో అంతా కట్టుకొనే వెళ్లండి. సంచి సైలెన్సర్‌కు తగిలి కాలుతుందేమో ఇక్కడే తెలుస్తుంది. ఇంటికి రాగానే నిండుగా పెట్రోలు పోయించి మైలేజీ లెక్క వేయండి, ఆయిలు మట్టం చూడండి, అన్ని బోల్టులూ బిగించండి.

రెండో ప్రయాణం మారేడుమిల్లి. పొద్దున్నే బయలుదేరి ఘాట్ ఎక్కి దిగి చింతూరు చేరండి. అక్కడ బండి చల్లారేదాకా కూర్చోండి. చైను ఎంత సాగిందో, ఆయిలు ఎంత తగ్గిందో, వెనుక బ్రేకు ఎంత వేడెక్కిందో చూసి ఒక కాగితం మీద రాసుకోండి. చింతూరులో దారి చీలుతుంది, ఒకటి భద్రాచలానికి, ఒకటి కోంట మీదుగా ఛత్తీస్‌గఢ్‌లోకి. కాగితంలో రాసుకోవడానికి పెద్దగా ఏమీ లేకపోతే ఏ దారి పట్టాలో టీ తాగుతూ ఆలోచించుకోండి. ఉంటే, అక్కడి మెకానిక్ షెడ్డు టీ దుకాణానికి ఎంత దూరమో కనుక్కోండి.